ఆటల ఆఫీసులో కెరీర్: సర్టిఫికెట్ ముందా, పని ముందా?

ప్రశ్న: మా అమ్మాయి స్టూడెంట్ వీసా మీద అమెరికాలో డిగ్రీ మూడో సంవత్సరం చదువుతోంది. ఎంబీఏ చేయమంటే, కాలేజీల్లో అథ్లెటిక్స్ అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే ఆటల విభాగం నిర్వహణలోకి వెళ్తానంటోంది. బంధువులకు ఏం చెప్పాలో తెలియడం లేదు. ముందు లీడర్‌షిప్ సర్టిఫికెట్ చేయించాలా, నేరుగా మాస్టర్సా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఏ కోర్సు అని అడిగారు గానీ, మీ భయం వేరు. ఆటలంటూ తిరిగితే రేపు ఉద్యోగం వస్తుందా అనే కదా! తల్లిదండ్రులు నన్ను తరచూ అడిగేది ఇదే. అక్కడ ఇది ఎప్పుడో స్థిరపడ్డ వృత్తి. ఒహాయో యూనివర్సిటీ ఇందులో మాస్టర్స్‌ను 1966లోనే మొదలుపెట్టింది. అక్కడి కాలేజీ ఆటల్ని నడిపే సంఘం ఎన్‌సీఏఏలో దాదాపు 1,100 కాలేజీలున్నాయి. అథ్లెటిక్ డైరెక్టర్ ఒక్కరే కాదు, నిబంధనలు, మ్యాచ్‌ల ఏర్పాట్లు, విరాళాలు, క్రీడాకారుల చదువు చూసేవాళ్లూ కావాలి.

సర్టిఫికెట్ల మీద మాత్రం నాకు నమ్మకం తక్కువ. కొన్ని వారాల వీడియోలు చూస్తే నాయకత్వం రాదు. ఎన్‌సీఏఏలో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో సీజన్ నడిచేటప్పుడు ప్రాక్టీసు వారానికి 20 గంటలు, రోజుకు 4 గంటలు దాటకూడదు, వారానికో రోజు సెలవివ్వాలి. నిబంధనలు పాటిస్తున్నారో లేదో చూసే కంప్లయన్స్ ఆఫీసులో ఆ లెక్కలు చూసే కుర్రవాళ్లుంటారు. ఒక వారం మొత్తం 21 వచ్చిందనుకోండి. తలపండిన కోచ్ దగ్గరికి వెళ్లి, మర్యాదగానే "గంట ఎక్కువైంది సార్" అని చెప్పాలి. ఆయన విసుక్కున్నా తగ్గకుండా పై అధికారికి రాసి పంపాలి. నాయకత్వం అంటే నా దృష్టిలో అదే. ఉద్యోగమిచ్చేవాళ్లు అడిగేదీ అలాంటి అనుభవమే. పైగా 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో, కాలేజీలు క్రీడాకారులకు నేరుగా డబ్బు ఇచ్చే వీలు వచ్చింది. మొదటి ఏడాది పరిమితి ఒక్కో కాలేజీకి సుమారు 2.05 కోట్ల డాలర్లు. కాంట్రాక్టులు, లెక్కలు తెలిసినవాళ్ల అవసరం ఇక పెరిగేదే.

మాస్టర్స్ చాలా ఉద్యోగాలకు పనికొస్తుంది. ఫీజు తగ్గించి, స్టైపెండ్ ఇచ్చే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌షిప్ దొరికితే నిశ్చింతగా చేరమనండి. మొత్తం అప్పు చేసి మాత్రం వద్దు, మొదటి జీతాలు చిన్నవి. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ సాధారణంగా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కిందకు రాదు కాబట్టి, చదువయ్యాక అక్కడ పనిచేయడానికిచ్చే అనుమతి (ఓపీటీ) 12 నెలలే. చేరేముందు ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసులో అడిగి తేల్చుకోమనండి.

ఒక మాట కటువుగానే అంటున్నాను. బంధువుల సంగతి రాశారు గానీ, మీ అమ్మాయికి ఆ ఆఫీసులో ఏ పని ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. అడిగారా అసలు? వారాంతాల్లో, రాత్రిళ్లు పనిచేయాల్సిన రంగాన్ని తెలిసే ఎంచుకుందంటే, ఆ పిల్లకు ధైర్యం కొరవడలేదు. కంగారు పడకండి.

ఈ సెమిస్టర్‌లోనే వాళ్ల కాలేజీ అథ్లెటిక్స్ విభాగంలో పార్ట్‌టైమ్ పనికి అప్లై చేయమనండి. క్లాసులు నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా చేయొచ్చు. సర్టిఫికెట్ డబ్బు అలాగే ఉంచండి.