పెళ్లిరోజు ఓడ ప్రయాణానికి చీటీ పాడాలా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. వచ్చే ఫిబ్రవరికి మా పెళ్లయి 25 ఏళ్లు నిండుతాయి. చెన్నై నుంచి నాలుగు రాత్రుల క్రూయిజ్‌కు మా ఇద్దరికీ 1,10,000 రూపాయలవుతుందని, ఈ వారంలో 25,000 అడ్వాన్సు కడితేనే ఈ ధర ఉంటుందని ఏజెంటు అంటున్నారు. నెలకు 10,000 చొప్పున 20 నెలల చీటీలో ఆరు వాయిదాలు కట్టాము. దాన్ని పాడమంటారా, బంగారం తాకట్టు పెట్టమంటారా? మావారి జీతం, కొబ్బరితోట, రెండెకరాల వరి మా ఆదాయం. సార్వా (వానాకాలపు వరి) పెట్టుబడి పక్కన పెట్టగా దాళ్వా (రెండో పంట వరి) డబ్బు 80,000 మిగిలింది. 3 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. రోజూ రాత్రి ఓడ వీడియోలు చూసి వివరాలు నోటుపుస్తకంలో రాసుకుంటుంటే మా అమ్మాయి నవ్వుతోంది.

జవాబు: ముందుగా మీ నోటుపుస్తకం గురించి చెప్పాలి. నరసాపురం రేవులో పంటు ఎక్కి గోదావరి మీదుగా సఖినేటిపల్లి వైపు దాటిన మనుషులకు, అదే నీరు అంతర్వేది దగ్గర కలిసే సముద్రం మీద నాలుగు రాత్రులు గడపాలని ఉండటం సహజమైన కోరిక. ప్రయాణం నాలుగు రాత్రులే అయినా దానికోసం ఎదురుచూసే ఏడు నెలలూ మీవే కనుక, ఆ ఎదురుచూపును అప్పు వాయిదాల బెంగ మింగేయకుండా చూడటమే నేను చేయగలిగిన సాయం.

చీటీ పాడవద్దు. 2 లక్షల చీటీని ఏడో నెలలో 40,000 తగ్గించి పాడారనుకుందాం. మీ చేతికి 1,60,000 వస్తుంది. వదులుకున్న 40,000లో నిర్వాహకుల కమీషన్ చీటీ మొత్తం మీద 5 శాతం చొప్పున 10,000 పోగా, మిగిలిన 30,000ను ఇరవై మందికి పంచితే మీ వాటాకు వచ్చేది 1,500. అంటే 38,500 రూపాయలు వదులుకున్నట్టే. ఆపైన మిగిలిన వాయిదాలన్నీ కట్టాలి, జామీను కూడా చూపాలి. విహారానికి అంత వెల చెల్లించడం నాకు మనస్కరించదు. బంగారం తాకట్టు కూడా వద్దు. డిపాజిట్ ఆస్పత్రి ఖర్చు వంటి అత్యవసరాలకు అలాగే ఉండనివ్వండి.

మీకు అప్పు అవసరమే లేదు. దాళ్వా డబ్బు 80,000 ఈ ప్రయాణానికి కేటాయించి, జీతం, కొబ్బరి రాబడి నుంచి నెలకు 10,000 చొప్పున ఆరు నెలల రికరింగ్ డిపాజిట్ కట్టండి. జూలైలో మొదలుపెడితే జనవరికి 60,000, కొద్దిపాటి వడ్డీ చేతికొస్తాయి. మొత్తం 1,40,000, అదే మీ హద్దు. డిసెంబరులో వచ్చే సార్వా ధాన్యం డబ్బును మాత్రం ఈ లెక్కలో కలపవద్దు. 1996 నవంబరు తుఫానుకు కోనసీమలో కొబ్బరిచెట్లు నేలకొరిగిన తీరు చూసిన ప్రాంతం మనది. కోతకు ముందు పంటను నమ్మి టిక్కెట్టు కొనరాదు.

ఇక ఏజెంటు చెప్పిన 1,10,000 పూర్తి ఖర్చు కాకపోవచ్చు. ఓడ టిక్కెట్టు ధర సాధారణంగా ఒక కేబిన్‌లో ఇద్దరుంటారన్న లెక్క మీద తలకింత అని చెబుతారు. రేవు రుసుములు, జీఎస్టీ, సిబ్బందికిచ్చే సర్వీసు చార్జీ అందులో ఉన్నాయో లేదో రాతపూర్వకంగా అడగండి. రోజువారీ భోజనం టిక్కెట్టులోనే ఉంటుంది గాని, ఇంటర్నెట్, మద్యం, ప్రత్యేక రెస్టారెంట్లు, రేవు దిగి ఊరు చూడటం వేరుగా పడతాయి. ఓడలో కొన్నవన్నీ కేబిన్ ఖాతాలో చేరి చివరి రోజు ఒకేసారి బిల్లుగా వస్తాయి కాబట్టి, రోజుకింత అని ముందే నిర్ణయించుకోండి. సముద్రం మధ్యలో ఫోను ఓడ నెట్‌వర్కుకు తగులుకుంటే రోమింగ్ బిల్లు భారీగా వస్తుంది. తీరం దాటగానే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి.

కేబిన్ విషయంలో నా అభిప్రాయం: కిటికీ లేనిది అన్నిటికన్నా చవక, బాల్కనీది ఖరీదు. హద్దు దాటకుండా కుదిరితే కిటికీ ఉన్నది తీసుకోండి; తెల్లవారగానే మంచం మీంచి సముద్రం కనిపించడం మీ నోటుపుస్తకంలో తప్పక రాసుకునే ఉంటారు. తల తిరిగే స్వభావం ఉంటే ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ. ఫిబ్రవరి ఎంపిక కూడా మంచిదే, బంగాళాఖాతంలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఉండే తుఫానుల కాలం అప్పటికి ముగుస్తుంది. అయితే అవి దాళ్వాకు కాలువ నీరు వంతుల మీద వచ్చే రోజులు. చేను చూసే మనిషికిచ్చే కూలి కూడా ఖర్చులో రాయండి. ఓడ ఎవరికోసమూ ఆగదు కనుక చెన్నైకి ఒకరోజు ముందే చేరి బస చేయండి. రైలు, బస, ప్రయాణ బీమా, ఓడలో చిల్లర ఖర్చులన్నీ మీ హద్దులో ఏజెంటు చెప్పిన ధర పోగా మిగిలిన 30,000లో సర్దుకోవాలి. శ్రీలంక రేవు తాకే ప్రయాణమైతే పాస్‌పోర్టు తప్పనిసరి. గడువు కనీసం ఆరు నెలలుండేలా చూసుకోండి.

అడ్వాన్సు కట్టేముందు రద్దు నిబంధనలు చదవండి. ప్రయాణ తేదీ దగ్గరపడేకొద్దీ కోత పెరుగుతుంది, చివరి రోజుల్లో రూపాయి కూడా తిరిగిరాకపోవచ్చు. మిగతా సొమ్ముకు గడువు జనవరికన్నా ముందుంటే దాళ్వా డబ్బులోంచి కట్టి, లోటును రికరింగ్ డిపాజిట్ గడువు తీరాక కట్టేలా మాట్లాడుకోండి. ఒప్పుకోకపోతే వేరే ఏజెంటును అడగండి. ఈ సోమవారం బ్యాంకుకు వెళ్లి రికరింగ్ డిపాజిట్ తెరవండి. ఆ తరువాతే 25,000 కట్టండి, అదీ రసీదు మీద ఓడ పేరు, బయలుదేరే తేదీ, కేబిన్ రకం, రద్దు షరతులు రాసి ఇస్తేనే.