ఓల్డ్ కాథలిక్ అంటే మన కతోలికులేనా? ఉట్రెక్ట్‌లో నేను చూసింది

అండీ, మీ అబ్బాయి నెదర్లాండ్స్‌లో పెళ్లి చేసుకోవాలనుకుంటున్న అమ్మాయి ఓల్డ్ కాథలిక్ చర్చికి వెళ్తుందని, వాళ్లు పోపుగారి అధికారాన్ని ఒప్పుకోరని విన్నామని రాశారు. అసలు వాళ్లు ఏం నమ్ముతారు, ఇదేదో కొత్తగా పుట్టిన శాఖా అని అడిగారు. మీ టెన్షన్ నాకు అర్థమైంది. మాది గుంటూరు జిల్లాలో తరాలుగా ఆర్‌సీఎం కుటుంబం. ఉద్యోగం కోసం నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరంలో ఆరేళ్లు ఉన్నాను.

ఓల్డ్ కాథలిక్ గుడిలోకి నేను మొదటిసారి వెళ్లింది పొరపాటున. ఉట్రెక్ట్‌లో కాథలిక్ కెథడ్రల్ అని అడిగితే రెండు ఉన్నాయి. సెయింట్ కేథరిన్ది మన రోమన్ కతోలికులది, సెయింట్ గెర్ట్రూడ్ది ఓల్డ్ కాథలిక్‌లది. నేను రెండో దాంట్లోకి వెళ్లి కూర్చున్నాను. సాంబ్రాణి పొగ, బలిపీఠం, శిలువ గుర్తు, మహిమ గీతం, అన్నీ మన పూజలాగే ఉన్నాయి. భాష రాకపోయినా ఎక్కడ నిలబడాలో, ఎక్కడ మోకరించాలో నాకు తెలుస్తూనే ఉంది. అయితే గురువు వస్త్రాల్లో పూజ చేస్తున్నది ఒక స్త్రీ. అది చూశాక నేను వేరే చోటికి వచ్చానని అర్థమై, సత్ప్రసాదానికి లేవకుండా కూర్చుండిపోయాను. పూజ అయ్యాక కాఫీ దగ్గర ఒక పెద్దాయన పలకరించి, నా ముఖంలో అయోమయం చూసి, పక్కనే ఉన్న పాత గెర్ట్రూడ్ గుడికి తీసుకెళ్లి చూపించారు. 17వ శతాబ్దపు రహస్య దేవాలయం అది. బయటి నుంచి చూస్తే గుడి అనుకోరు. ఆ రోజుల్లో అక్కడ కతోలికులు బహిరంగంగా పూజ చేసుకోవడానికి వీల్లేదు. అందుకే అలా కట్టుకున్నారు.

వాళ్ల నమ్మకాలకు మూలం ఆ చరిత్రలోనే ఉంది కాబట్టి కొంచెం చెప్తాను. ప్రొటెస్టెంట్ ప్రభుత్వం వచ్చి, ఉట్రెక్ట్‌లో కతోలిక పూజలు నిషేధించింది 1580లో. ఆ తర్వాత రోము ఆ ప్రాంతాన్ని సొంత పీఠం లేని మిషన్ ప్రాంతంగా చూసి, తన ప్రతినిధులను పంపేది. అక్కడి గురువులేమో, ఇక్కడి మొదటి బిషప్ సెయింట్ విల్లిబ్రోర్డ్ కాలం నుంచి వస్తున్న మా పీఠం ఆగిపోలేదు, మా పీఠాధిపతిని మేమే ఎన్నుకుంటాం అన్నారు. దానికి జాన్సెనిజం వివాదం కూడా తోడైంది. రక్షణకు దేవుని కృపే ఆధారమని గట్టిగా చెప్పిన, రోము ఖండించిన కతోలిక ఉద్యమం అది. చివరికి 1723లో పోపుగారి అనుమతి లేకుండానే కోర్నేలియుస్ స్టీనోవన్‌ను ఎన్నుకున్నారు. 1724లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆయనకు అభిషేకం చేసింది ఫ్రాన్స్‌కు చెందిన వార్లే అనే మిషనరీ బిషప్. రోము వెలివేసింది. కాబట్టి ఇది నిన్నమొన్న పుట్టింది కాదు, ఇప్పటికి 300 ఏళ్లు దాటింది.

పోపుగారు విశ్వాసం, నైతికతల మీద అధికారపూర్వకంగా చేసే ప్రకటనలో తప్పు ఉండదని మొదటి వాటికన్ మహాసభ 1870లో ప్రకటించింది. దాన్ని ఒప్పుకోలేని జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియా కతోలికులు కొందరు ఉట్రెక్ట్ వాళ్లతో కలిశారు. అలా ఏర్పడిందే ఉట్రెక్ట్ కూటమి. 1889 సెప్టెంబరులో బిషప్పులు విడుదల చేసిన ఉట్రెక్ట్ ప్రకటనే ఇప్పటికీ వాళ్ల విశ్వాసానికి ఆధారం.

అందులో నాకు ముఖ్యంగా అనిపించింది మొదటి మాట. అంతటా, ఎల్లప్పుడూ, అందరూ విశ్వసించినదాన్నే మేము పట్టుకుంటాం అంటారు. 5వ శతాబ్దపు సెయింట్ విన్సెంట్ ఆఫ్ లెరాన్ చెప్పిన కొలమానం అది. అంటే తూర్పు, పడమర సభల మధ్య చీలిక రాక ముందు నాటి అవిభక్త శ్రీసభ (చర్చి), దాని మహాసభలు, దాని విశ్వాస ప్రమాణం. త్రిత్వం, క్రీస్తు పునరుత్థానం, ఏడు సంస్కారాలు, అపోస్తలుల నుంచి వచ్చే బిషప్పుల వరుస, ఇవన్నీ వాళ్లకూ ఉన్నాయి. సత్ప్రసాదంలో క్రీస్తు నిజంగా ఉంటాడని నమ్ముతారు. క్రీస్తు శిలువపై ఒక్కసారి అర్పించిన బలిని పూజలో మళ్లీ చేయడం లేదు, అదే బలి మన మధ్యకు వస్తోంది అని ప్రత్యేకంగా చెప్తారు. మా ఉపదేశి గారు చిన్నప్పుడు నేర్పింది కూడా దాదాపు ఇదే.

తేడా ఉన్న చోట్లు దాచను. రోము బిషప్‌ను చారిత్రకంగా సమానుల్లో మొదటివాడిగా గౌరవిస్తారు గానీ, శ్రీసభ అంతటి మీద ఆయనకు నేరుగా అధికారం ఉందని, ఆయన నిర్ణయంలో తప్పుండదని ఒప్పుకోరు. మరియమ్మను గౌరవిస్తారు. అయితే 1854లో ప్రకటించిన నిష్కళంకోద్భవాన్ని, అంటే ఆమె జన్మపాపం లేకుండా తల్లి గర్భంలో పడిందన్న బోధను, తప్పనిసరి సిద్ధాంతంగా తీసుకోరు. విశ్వాస ప్రమాణంలో మనం పవిత్రాత్మ పితనుంచీ సుతునినుంచీ వస్తాడంటాం, వాళ్లు పితనుంచి అని ఆపేస్తారు, తూర్పు ఆర్థొడాక్స్ సభల్లాగా. పెళ్లయినవాళ్లు గురువులు కావచ్చు. స్త్రీలకు గురుపట్టం జర్మనీలో 1996 నుంచి, నెదర్లాండ్స్‌లో 1999 నుంచి ఇస్తున్నారు. అమెరికాలోని పోలిష్ నేషనల్ కాథలిక్ చర్చి ఈ విషయం మీదే వాళ్ల కూటమి నుంచి 2003లో బయటికొచ్చింది. 1931 బాన్ ఒప్పందం ప్రకారం ఆంగ్లికన్‌లతో (ఇంగ్లండ్ చర్చి కుటుంబంతో) పూర్తి సహవాసం ఉంది, అంటే ఒకరి సత్ప్రసాదం ఒకరు తీసుకోవచ్చు.

ఆ పెద్దాయన మాటల్లో నాకు బాగా తగిలింది పోపుగారి గురించి చెప్పింది కాదు. బిషప్, గురువులు, విశ్వాసులు ఒక బలిపీఠం చుట్టూ చేరితే అక్కడ శ్రీసభ సంపూర్ణంగా ఉంటుందని, అది ఎక్కడో ఉన్న పెద్ద సభకు బ్రాంచి ఆఫీసు కాదని అన్నారు. అందుకే బిషప్ ఎన్నికలో మామూలు విశ్వాసుల ప్రతినిధులకు కూడా ఓటు ఉంటుంది. ఆ తర్వాత నేను అప్పుడప్పుడు వెళ్లేవాడిని. సత్ప్రసాదం అప్పుడు చేతులు గుండెల మీద పెట్టుకుని వెళ్తే దీవించి పంపేవారు, ఎవరూ బలవంతం చేయలేదు. నా ఆదివారపు పూజ మాత్రం సెయింట్ కేథరిన్‌లోనే. పేతురు పీఠంతో, అంటే పోపుగారితో ఐక్యత నాకు ప్రాణం, దాన్ని వదులుకోలేను. అలాగని వాళ్లను విశ్వాసం లేనివాళ్లని అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. స్వతంత్ర కాథలిక్, ఓల్డ్ కాథలిక్ అని బోర్డు పెట్టుకున్న చర్చిలన్నీ ఉట్రెక్ట్ కూటమివి కావు. అమెరికాలోని చాలా చిన్న సభలు రెనే విలాట్ అనే ఆయన నుంచి తమ బిషప్పుల వరుస చెప్పుకుంటాయి. ఆయనకు 1892లో కొలంబోలో అభిషేకం చేసింది మన గోవాకు చెందిన అల్వారెస్. అల్వారెస్‌ను కేరళలో సిరియన్ ఆర్థొడాక్స్ వాళ్లు బిషప్‌ను చేశారు. ఉట్రెక్ట్ వాళ్లు విలాట్‌ను గుర్తించలేదు. కాబట్టి అమ్మాయి వెళ్లే చర్చి ఏ బిషప్ కింద ఉందో మీ అబ్బాయిని కనుక్కోమనండి.

పెళ్లి సంగతికి వస్తే, అమ్మాయికి మళ్లీ జ్ఞానస్నానం అవసరం లేదు, మారమని ఒత్తిడి చేయాల్సిన పనీ లేదు. మన శ్రీసభ చట్టం ప్రకారం ఇది మిశ్రమ వివాహం, పీఠాధిపతి గారి అనుమతి కావాలి. వాళ్ల గుడిలో చేసుకోవాలంటే దానికి వేరే మినహాయింపు తీసుకోవాలి. పిల్లలను కతోలికులుగా పెంచడానికి తన శక్తి మేరకు ప్రయత్నిస్తానని మీ అబ్బాయి మాట ఇవ్వాలి, అది అమ్మాయికి కూడా తెలియాలి. ఇక్కడే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సింది ఉంది. మీ విచారణ గురువుకు ఇప్పుడే చెప్పండి, కాగితాలకు టైం పడుతుంది. అమ్మాయి జ్ఞానస్నాన పత్రం డచ్‌లో ఉంటుంది, దాన్ని అక్కడే అనువాదం చేయించి పంపమనండి.