పత్తి రైతుల సర్వేలో కై-స్క్వేర్ పరీక్ష: మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

పరకాల, ఆత్మకూరు, నర్సంపేట, వర్ధన్నపేట మండలాల్లో పత్తిని నేరుగా వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు తెచ్చి అమ్ముకునే రైతుల నిష్పత్తి ఒకటేనా అని తేల్చడానికి నువ్వు కై-స్క్వేర్ పరీక్షను (వచ్చిన సంఖ్యలు, తేడా లేకుంటే రావలసిన సంఖ్యలకు ఎంత దూరంగా ఉన్నాయో కొలిచే పరీక్షను) ఎంచుకోవడం నాకు సంతోషం కలిగించింది. మండలాలను రెండేసి చొప్పున పోల్చితే ఆరు పరీక్షలవుతాయి. ఒక్కొక్కదానిలో ఐదు శాతం పొరపాటుకు తావిస్తే, లేని తేడా ఎక్కడో ఒకచోట ఉన్నట్లు కనిపించే ప్రమాదం పెరుగుతుంది. కనుక ముందు నాలుగింటికీ కలిపి ఒకే పరీక్ష చేయాలి.

అయితే పట్టికలో శాతాలు వేస్తానని రాశావు; ఆ పని మాత్రం చేయవద్దు. మండలానికి 50 మంది చొప్పున అడిగితే 31, 26, 22, 21 మంది మార్కెట్‌కు తెస్తామన్నారనుకుందాం (లెక్క కోసం నేను వేసుకున్న అంకెలివి). 200 మందిలో 100 మంది కనుక, తేడా లేకుంటే ప్రతి మండలంలోనూ తెచ్చేవారు 25, తేనివారు 25 ఉండాలి. ప్రతి గడిలోనూ వచ్చిన సంఖ్యకూ ఆశించిన సంఖ్యకూ ఉన్న భేదాన్ని వర్గం చేసి, ఆశించిన సంఖ్యతో భాగించి, ఎనిమిది గడులవీ కూడితే 4.96 వస్తుంది. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం (మొత్తాలు తెలిశాక స్వేచ్ఛగా మారగల గడుల సంఖ్య) 3 కనుక ఐదు శాతం స్థాయిలో హద్దు 7.815, అంటే, తేడా ఉందనడానికి ఈ ఆధారం చాలదు. అదే 62, 52, 44, 42 అని శాతాలు వేస్తే 9.92 వచ్చి హద్దు దాటుతుంది, ఎందుకంటే నువ్వు అడిగింది 200 మందినైతే పట్టిక 400 మందిని అడిగినట్లు చూపుతుంది. ఈ పరీక్షను 1900లో ప్రకటించిన కార్ల్ పియర్సన్ లెక్కలో ఇక్కడ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం 3కు బదులు 7 (ఎనిమిది గడుల్లో ఒకటి తగ్గించి) తీసుకోవాల్సి వచ్చేది. దాన్ని 1922లో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ సరిదిద్దాడు.

ఆశించిన సంఖ్య 5 కంటే తక్కువున్న గడులు ఎక్కువైతే ఫిషర్ ఎగ్జాక్ట్ పరీక్షకు (చిన్న సంఖ్యలున్నప్పుడు సంభావ్యతను ఉజ్జాయింపుగా కాక కచ్చితంగా లెక్కగట్టే పరీక్షకు) వెళ్లు. ఫలితం హద్దు దాటినా, నాలుగూ ఒకటి కావన్నంత వరకే తెలుస్తుంది. తేడా ఏ మండలానిదో తెలియాలంటే అడ్జస్టెడ్ రెసిడ్యువల్స్ (ప్రతి గడిలో వచ్చిన, ఆశించిన సంఖ్యల భేదాన్ని పోల్చదగిన ఒకే కొలతలోకి మార్చిన విలువలు) చూసి, 2కు పైన లేదా మైనస్ 2కు కింద ఉన్న గడులను పరిశీలించాలి.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెడుతున్నది వేరే ఉంది. ఒకే ఊరి రైతులు తరచుగా ఒకే వ్యాపారి దగ్గర పెట్టుబడి తెచ్చుకొని పంట అతనికే ఇస్తారు కనుక, ఆ ఊరి పదిమంది జవాబులు పది విడి జవాబులు కావు. ఈ పరీక్షేమో అవి విడివిడివేనని నమ్మి లెక్క వేస్తుంది. మండలానికి ఎన్ని ఊళ్లు, ఊరికి ఎందరిని అడిగావో ముందు నాకు రాసి పంపు. అది చూశాకే ఈ పరీక్ష సరిపోతుందో లేదో చెబుతాను.

ఇట్లు,
నీ మేనమామ, హనుమకొండ