'నిబంధన' అంటే షరతేనా?

సందేహం: మాది నర్సాపురం దగ్గర పల్లెటూరు. కౌలు కాగితంలో 'ఈ నిబంధనలకు కట్టుబడి' అని రాసుకుంటాం. అక్కడ నిబంధన అంటే షరతే. మరి బైబిల్లో పాత నిబంధన, కొత్త నిబంధన అంటే పాత షరతు, కొత్త షరతు అనా? ఒడంబడిక అంటే సరిపోయేది కదా? పాస్టరుగారు ప్రసంగంలో 'క్రియల నిబంధన, కృపా నిబంధన' అన్నారు. 'కృప నిబంధన' అని రాయకూడదా?

సమాధానం: కౌలు కాగితంలో మీరు చెప్పిన అర్థమే. ఎకరానికి ఇన్ని బస్తాలు, దాళ్వాకు నీళ్లు అందకపోతే ఇంత తగ్గింపు అని రాసుకునేవన్నీ నిబంధనలే. కానీ మాట పుట్టింది 'కట్టడం' అనే అర్థమున్న బంధ్ ధాతువు నుంచి. బైబిల్లో ఆ కట్టు, అంటే ఇద్దరి మధ్య పడ్డ ముడి, ముఖ్యం.

ఆదికాండం 15వ అధ్యాయం చూడండి. దేవుడు తెమ్మంటే అబ్రాము (తర్వాత అబ్రాహాము అయినవాడు) మూడేళ్ల పెయ్యను, మేకను, పొట్టేలును రెండేసి ఖండాలుగా నరికి ఎదురెదురుగా పెట్టాడు. పక్షుల్ని మాత్రం నరకలేదు. కళేబరాల మీద గద్దలు వాలితే తోలాడు. పొద్దు గుంకే వేళకు గాఢనిద్ర పట్టింది. చీకటి పడ్డాక దేవుడికి గుర్తుగా పొగలేచే పొయ్యి, మండే దివిటీ ఆ ఖండాల మధ్యగా సాగిపోయాయి. 'మాట తప్పితే నా గతీ ఇంతే' అని ఒట్టు పెట్టుకునే తీరు అది. యిర్మీయా 34లోనూ దూడను కోసి మధ్యగా నడిచినవాళ్ల ప్రస్తావన ఉంది. ఇక్కడ అబ్రాము నడవనేలేదు, నిద్రలో ఉన్నాడు. ఒట్టు పూర్తిగా దేవుడి వైపే పడింది. హీబ్రూలో నిబంధనకు మాట 'బెరీత్'; నిబంధన చేయడాన్ని 'బెరీత్‌ను కోయడం' అంటారు. తెలుగులో కోస్తే తెగుతుంది గానీ ముడిపడదు కాబట్టి, మనవాళ్లు 'నిబంధన చేసి' అన్నారు. మంచి పనే చేశారు.

ఒడంబడడం అంటే ఒప్పుకోవడం. ఇద్దరూ మాట్లాడుకుని ఒక మాటకొచ్చినట్టు ఉంటుంది. సీనాయి దగ్గర జనం 'అన్నీ చేస్తాం' అన్నచోట (నిర్గమ 24) అది చక్కగా అతుకుతుంది, నిద్రపోతున్న అబ్రాము దగ్గర అతకదు. తర్వాతి అనువాదాల్లో కొన్ని ఒడంబడికనే వాడాయి. తప్పనను గానీ, నా ఓటు నిబంధనకే.

పాస్టరుగారి జంటమాటలు సంస్కరణ సంఘాల (కాల్విన్ బోధను అనుసరించే ప్రొటెస్టంట్ సంఘాల) వేదాంతంలోవి. 1640లలో తయారైన వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణం 7వ అధ్యాయంలో ఈ రెండూ ఉన్నాయి. ఆదాము విధేయుడైతే జీవం, మీరితే మరణం అన్నది క్రియల నిబంధన. మీ 'షరతు' సరిగ్గా ఇక్కడ పనికొస్తుంది. ఆదాము మీరాడు. తర్వాత క్రీస్తు నెరవేర్చినదాన్ని నమ్మికతో అందుకునేది కృపా నిబంధన. అబ్రాహాము, మోషే, దావీదులతో చేసినవన్నీ ఈ ఒక్క కృపా నిబంధన మెట్లే అని వాళ్ల వాదం. అంటే పాత కాగితం చింపి కొత్తది రాసుకోవడం కాదు. అన్ని సంఘాలూ దీన్ని ఒప్పుకోవు. మీ నర్సాపురంలో బౌడెన్, బీర్ అనే మిషనరీలు నాటిన బ్రదరెన్ సంఘాల సంప్రదాయంలో, దేవుడు ఒక్కో యుగంలో ఒక్కో తీరుగా వ్యవహరించాడని చరిత్రను యుగాలుగా విడదీసే బోధ ఎక్కువ.

ఇక రాత సంగతి. కృప, నిబంధన రెండూ సంస్కృత పదాలే. సమాసంలో 'కృపా' దీర్ఘం నిలుస్తుంది, కృపాకటాక్షంలాగా. కాబట్టి 'కృపానిబంధన' అని కలిపి రాయడం మేలు, విడిగా రాసినా దీర్ఘం వదలకండి. 'క్రియల నిబంధన'లో 'ల' తెలుగు షష్ఠి కాబట్టి ఆ ఇబ్బంది లేదు.