కాల్చిన రైఫిల్ కేసును సైజ్ చేసేటప్పుడు షోల్డర్‌ను ఎంత వెనక్కి నెట్టాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ఇది. .308 విన్‌చెస్టర్ తూటాల బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో (బోల్ట్‌ను చేత్తో తెరిచి మూసేది) కాల్చిన కేసులను, అంటే తూటా ఇత్తడి గొట్టాలను, మళ్లీ నింపడానికి మీరు ఇంతవరకు నెక్ సైజింగ్ (బుల్లెట్‌ను పట్టే మెడను మాత్రమే నొక్కి సరిచేయడం) మాత్రమే చేసి వాడుకుంటున్నారు. ఇప్పుడు బోల్ట్ మూసేటప్పుడు పిడి బిగుసుకుంటోంది. ఫుల్ లెంగ్త్ డైకి (కేసు మొత్తాన్ని నొక్కి సరిచేసే అచ్చు) మారదామనుకుంటే, దానివల్ల కేసులు త్వరగా పాడవుతాయని ఎవరో చెప్పారు. నా సలహా ఏమిటంటే, నిస్సంకోచంగా మారండి, కానీ డైని మీ రైఫిల్ ఛాంబర్ (తూటా కూర్చునే గది) కొలతను బట్టి అమర్చుకోండి. కేసు ఆయుష్షును తినేసేది ఫుల్ లెంగ్త్ డై కాదు, కొలవకుండా కిందికి బిగించిన డై. బోల్ట్ యాక్షన్‌లో షోల్డర్ (కేసు ఒళ్లు మెడగా సన్నబడే వాలు) అంగుళంలో ఒకటి రెండు వెయ్యో వంతులు, అంటే 0.001 నుంచి 0.002 అంగుళం వెనక్కి వెళ్తే చాలు. నేను కొన్నేళ్లుగా ఈ పద్ధతిలోనే సైజ్ చేస్తున్నాను.

బిగుతు ఎందుకు వస్తోందో ముందు చూద్దాం. కేసు తయారయ్యే ఇత్తడిలో దాదాపు 70 శాతం రాగి, 30 శాతం జింకు ఉంటాయి. .308కు అమెరికా తుపాకుల పరిశ్రమ ప్రమాణాల సంస్థ సామి (SAAMI) నిర్దేశించిన గరిష్ఠ సగటు పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. ఆ ఒత్తిడికి కేసు గోడలు ఉబ్బి ఛాంబర్ గోడలకు అతుక్కుపోయి, వాయువు వెనక్కి రాకుండా అడ్డుకుంటాయి. పీడనం పడిపోగానే ఇత్తడి కొద్దిగా ముడుచుకుంటుంది కాబట్టే ఖాళీ కేసు సులువుగా బయటికి వస్తుంది. అయితే తీగను పదే పదే వంచితే గట్టిపడినట్టు, ఉబ్బిన ప్రతిసారీ, సైజ్ చేసిన ప్రతిసారీ ఇత్తడి గట్టిపడుతుంది. నెక్ సైజింగ్‌లో మిగతా కేసును ముట్టుకోము కాబట్టి కొన్ని కాల్పులు గడిచేసరికి కేసు ఒళ్లు, షోల్డర్ ఛాంబర్‌కు సరిసమానంగా వచ్చేస్తాయి. అప్పుడు బోల్ట్‌ను నొక్కి మూయక తప్పదు.

కానీ ఇదే కారణమని వెంటనే నిర్ణయించుకోకండి, ఎందుకంటే నెక్ పొడవు పెరిగినా బోల్ట్ అలాగే బిగుస్తుంది, అది మరింత ప్రమాదకరం కూడా. .308 కేసు పొడవు 2.015 అంగుళాలకు మించకూడదు. మించితే నెక్ అంచు ఛాంబర్ చివర నొక్కుకుపోయి బుల్లెట్‌ను పట్టేస్తుంది, పీడనం హద్దు దాటవచ్చు. ముందు క్యాలిపర్‌తో పొడవు చూడండి. తర్వాత ఒక ఖాళీ కేసు తీసుకుని షోల్డర్ మీద, నెక్ అంచు మీద, అడుగుకు కాస్త పైన నల్ల మార్కర్ పూసి ఆరనివ్వండి. బోల్ట్ మెల్లగా మూసి తెరిస్తే సిరా ఎక్కడ చెరిగితే అక్కడే ఒరుసుకుంటోందని అర్థం. షోల్డర్ చుట్టూ సమంగా మెరిస్తే మీ అనుమానం నిజమే. అడుగు దగ్గర చెరిగితే షోల్డర్‌ను ఎంత నెట్టినా ప్రయోజనం లేదు, అక్కడ ఒళ్లును సన్నబరిచే డై కావాలి.

ఇక షోల్డర్‌ను అవసరానికి మించి నెడితే ఏమవుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు విన్న భయానికి మూలం ఇక్కడే ఉంది. .308 లాంటి రిమ్‌లెస్ కేసు (అడుగు అంచు ఒళ్లుకన్నా బయటికి పొడుచుకురానిది) ఛాంబర్‌లో ముందుకు పోకుండా ఆపేది షోల్డరే. షోల్డర్‌కూ ఛాంబర్‌కూ మధ్య ఖాళీ ఎక్కువైతే, ఫైరింగ్ పిన్ దెబ్బకు కేసు ముందుకు జరుగుతుంది. మందు అంటుకోగానే ముందువైపు పలచని గోడలు ఛాంబర్‌ను గట్టిగా పట్టుకుంటాయి, అడుగు భాగం మాత్రం బోల్ట్ ముఖానికి తగిలేదాకా వెనక్కి జరుగుతుంది. ఈ లాగుడంతా అడుగున మందమైన ఇత్తడి ముగిసి గోడ పలచబడటం మొదలయ్యే చోట పడుతుంది. సైజ్ చేసిన ప్రతిసారీ షోల్డర్‌ను మళ్లీ అంతే వెనక్కి నెడితే, కాల్చిన ప్రతిసారీ అదే చోట ఇత్తడి సాగి పలచబడి, చివరికి కేసు రెండు ముక్కలవుతుంది. ఆ క్షణంలో వేడి వాయువు కాల్చేవారి ముఖం వైపు రావచ్చు. ఈ పలచదనం బయటినుంచి ఒక మెరిసే గీతలా కనిపిస్తుంది, కానీ గీత కనిపించేదాకా ఆగవద్దు. సన్నని ఉక్కు తీగ కొసను కొక్కెంలా వంచి, కేసు లోపలికి దించి, అడుగునుంచి గోడ వెంబడి పైకి లాగండి. గోడ నున్నగా ఉంటే తీగ జారిపోతుంది, గాడి పడి ఉంటే అక్కడ తట్టుకుంటుంది. తట్టుకున్న కేసును ప్లయర్‌తో నలిపి పారేయాలి, దానికి మరో అవకాశం ఇవ్వకూడదు.

కొలత ఇలా తీసుకోండి. క్యాలిపర్‌కు బిగించే హెడ్‌స్పేస్ కంపారేటర్ (కేసు అడుగునుంచి షోల్డర్ దాకా దూరం కొలిచే పరికరం) ఒకటి ఉండాలి, ఈ పనిలో నేను డై తర్వాతి స్థానం దానికే ఇస్తాను. కాల్చిన కేసులోంచి ప్రైమర్‌ను (అడుగున ఉండే, మందును అంటించే చిన్న మూత) తీసేశాకే కొలవండి, ఎందుకంటే ప్రైమర్ కొద్దిగా ఉబ్బి బయటికి వచ్చి ఉంటే కొలత తప్పుతుంది. ఒక్కసారి మాత్రమే కాల్చిన కేసు ఛాంబర్‌ను పూర్తిగా నింపకపోవచ్చు కాబట్టి దాన్ని ఆధారం చేసుకోవద్దు. మీ దగ్గర ఇప్పుడు బిగుసుకుంటున్న కేసులే దీనికి సరైనవి, అవి ఛాంబర్ అచ్చులో పోసినట్టే ఉంటాయి. నా రైఫిల్‌లో అలాంటి కేసు 1.632 అంగుళాలు చూపితే నేను 1.630కి సైజ్ చేస్తాను. ఈ అంకెలు నా కంపారేటర్‌కు, నా ఛాంబర్‌కు మాత్రమే వర్తిస్తాయి, వాటిని మీరు తీసుకోవద్దు, తేడాను మాత్రమే తీసుకోండి. కంపారేటర్ మీద నమ్మకం కుదరకపోతే, బోల్ట్‌లోంచి ఫైరింగ్ పిన్‌ను, ఎజెక్టర్‌ను (కేసును బయటికి తోసే భాగం) తీసేసి సైజ్ చేసిన ఖాళీ కేసును ఛాంబర్‌లో పెట్టి చూడండి. పిడి తన బరువుకే కిందికి వాలే మొదటి దశ ఎక్కడో అక్కడే మీ డై ఆగాలి.

డైతో పాటు వచ్చే కాగితంలో, డైని షెల్ హోల్డర్‌కు (ప్రెస్‌లో కేసు అడుగును పట్టుకునే ముక్క) తగిలేదాకా తిప్పి, ఆపై పావు చుట్టు బిగించమని సాధారణంగా రాసి ఉంటుంది. ఏ రైఫిల్‌లోనైనా పట్టే తూటా తయారు కావడానికి అది సరిపోతుంది. నేను ఒక డైని అలా అమర్చి కొలిచి చూస్తే, షోల్డర్ 0.008 అంగుళం వెనక్కి వెళ్లింది, అంటే అవసరానికి నాలుగు రెట్లు. కాబట్టి డైని షెల్ హోల్డర్‌కు తగలకుండా కాస్త పైనే మొదలుపెట్టి, కొద్దికొద్దిగా దించుతూ ప్రతి మెట్టులోనూ కొలవండి. ప్రెస్ మరలో అంగుళానికి 14 చుట్లు ఉంటాయి కాబట్టి ఒక పూర్తి చుట్టు సుమారు 0.071 అంగుళం, ఒక వెయ్యో వంతు కావాలంటే డైని దాదాపు 5 డిగ్రీలు తిప్పితే చాలు. డై మీద, ప్రెస్ మీద పెన్సిల్ గీతలు పెట్టుకుంటే ఇది కళ్లకు తెలుస్తుంది. దించే కొద్దీ మొదట్లో కొలత తగ్గకపోగా పెరుగుతుంది. కంగారుపడవద్దు. డై ముందు ఒళ్లును నొక్కుతుంది, నలిగిన ఇత్తడి షోల్డర్‌ను పైకి తోస్తుంది, మరికొంత దిగాకే డై షోల్డర్‌ను తాకి వెనక్కి నెడుతుంది. ఆ మధ్య దశలో ఆపేసిన కేసులు సైజ్ చేయకముందుకన్నా ఎక్కువ బిగుస్తాయి. కావలసిన కొలత దొరికాక లాక్ రింగ్ బిగించండి. రామ్ (కేసును డైలోకి తోసే ప్రెస్ కడ్డీ) పైకి వెళ్లిన ప్రతిసారీ రెండు మూడు సెకన్లు అక్కడే ఆపితే కేసుకు కేసుకు మధ్య తేడా తగ్గుతుంది.

లూబ్ (కేసు డైలో జారడానికి పూసే జిడ్డు) విషయంలో పొదుపు వద్దు, అతి కూడా వద్దు. పొడి కేసు డైలో ఇరుక్కుంటే రామ్ దించేటప్పుడు షెల్ హోల్డర్ రిమ్‌ను చీల్చుకుని వస్తుంది, కేసు డైలోనే మిగిలిపోతుంది. ఎక్కువైన లూబ్ షోల్డర్ దగ్గర చేరి అక్కడ సొట్టలు పెడుతుంది. వేలికొసకు సైజింగ్ మైనం కొద్దిగా రాసుకుని కేసు ఒళ్లంతా, ముఖ్యంగా అడుగు భాగం చుట్టూ, పలచటి పొరలా పూయడం నాకు నచ్చిన పద్ధతి. షోల్డర్‌కు వేలు తగలనివ్వను. నెక్ లోపలికి బ్రష్‌తో కొంచెం పొడి గ్రాఫైట్ చాలు. అదీ లేకపోతే ఎక్స్‌పాండర్ బాల్ (నెక్‌ను లోపలినుంచి వెడల్పు చేసే డైలోని గుండు) బయటికి వచ్చేటప్పుడు నెక్‌ను కీచుమంటూ లాగి, షోల్డర్‌ను ముందుకు సాగదీసి, మీరు కష్టపడి సాధించిన కొలతను చెడగొడుతుంది. నెక్ వంకరపోవడానికి కూడా ఎక్కువసార్లు ఈ బాలే కారణం. వీలైతే బుష్షింగ్ డై (నెక్‌ను నొక్కే ఉంగరాన్ని మార్చుకోగలిగేది) తీసుకుని, తయారైన తూటా నెక్ వ్యాసంకన్నా 0.002 అంగుళం చిన్న బుష్షింగ్ వాడండి. పని అయ్యాక లూబ్ పూర్తిగా తుడవాలి, నూనె పట్టిన కేసు ఛాంబర్ గోడను పట్టుకోలేక బోల్ట్ మీద భారం పెంచుతుంది. కాల్చిన కేసుల మసిలో ప్రైమర్ నుంచి వచ్చిన సీసం ఉంటుంది, చేతులు కడుక్కోకుండా ఏదీ తినకండి.

ఒకే డై అమరికలో కొన్ని కేసులు 0.002, మరికొన్ని 0.004 తేడాతో వస్తుంటే తప్పు డైది కాకపోవచ్చు. వేర్వేరు సార్లు కాల్చినవి కలిసిపోతే నొక్కాక ఒక్కొక్కటి ఒక్కో తీరులో పాత కొలత వైపు తిరిగి సాగుతుంది. కాల్చిన సంఖ్యను బట్టి కేసులను విడివిడి పెట్టెల్లో ఉంచండి. నెక్, షోల్డర్ వరకు అనీలింగ్ (వేడి చేసి ఇత్తడిని మెత్తబరచడం) చేస్తే ఆ తేడా చాలావరకు పోతుంది. అయితే వేడి కేసు అడుగుకు చేరకూడదు, అక్కడ మెత్తబడిన ఇత్తడి పీడనాన్ని ఆపలేదు. సైజ్ చేస్తే కేసు పొడవు పెరుగుతుంది కాబట్టి కత్తిరింపు ఎప్పుడూ సైజింగ్ తర్వాతే. .308ను 2.005కు కత్తిరించి, అంచును లోపలా బయటా నునుపు చేయండి.

ఈ ఒకటి రెండు వెయ్యో వంతుల లెక్క సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కు పనికిరాదు. అక్కడ బోల్ట్ తనంతట తానే పూర్తిగా మూసుకోవాలి కాబట్టి 0.003 నుంచి 0.005 వరకు వదలాలి. వేరే రైఫిల్‌లో కాల్చిన కేసులు మీ దగ్గరికి వస్తే మొదటిసారి పూర్తిగా సైజ్ చేయండి. లోపల నడిమధ్య ఒకే రంధ్రం ఉందో లేదో కూడా చూడండి, రెండు చిన్న రంధ్రాలుంటే అది బెర్డాన్ ప్రైమర్ కేసు, డైలో ప్రైమర్‌ను బయటికి తోసే పిన్ విరుగుతుంది.

చివరగా, మీ దగ్గర ఇప్పటికే మందు నింపి సిద్ధంగా ఉన్న తూటాల సంగతి. వాటిని సన్నబరచడానికి ఏ సైజింగ్ డైలోకీ దూర్చకండి. ముందు ప్రతి తూటాలో కేసు పొడవు కొలవండి, నెక్ అంచు బుల్లెట్ పక్కన స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి అది కష్టం కాదు. 2.015 దాటినవాటిని కాల్చకూడదు, బుల్లెట్ పుల్లర్‌తో విప్పి మందు తీసేయండి. పొడవు సరిగ్గానే ఉన్నవాటిని కూడా బోల్ట్‌తో బలవంతంగా తోయకుండా విప్పేయడమే నేను చేసే పని, ఆ బుల్లెట్లు మళ్లీ పనికొస్తాయి.