చీనీ తోట కాపలా కుక్క కూలీలను కరుస్తోంది, ఏం చేయాలి?

సందేహం: లింగాల మండలంలో మాకు చీనీ తోట ఉంది. కాపలాకి రెండేళ్ల నాటు మగ కుక్కను పెట్టుకున్నాం. పిల్లగా ఉన్నప్పుడు అందరితో బాగుండేది, ఆరు నెలలుగా కొత్త మనిషి కనిపిస్తే మీదికొస్తోంది. పగలంతా కొట్టం దగ్గర గొలుసుతో కట్టేసి రాత్రి వదులుతాం. మొన్న కలుపు తీయడానికి వచ్చిన ఆమెను పిక్క మీద కరిచింది, పసుపు, సున్నం పెట్టాం. తినేటప్పుడు మా పాప దగ్గరికి పోయినా గుర్రుమంటోంది. కర్రతో కొట్టి చూశాం, ఇంకా ఎక్కువైంది. కోపం తగ్గే సూది ఏమైనా ఉందా? లేక దూరంగా తీసుకెళ్లి వదిలేయమంటారా?
ఒక రైతు, కడప జిల్లా

జవాబు: అన్నా, కుక్క సంగతి కాసేపు పక్కన పెట్టి ముందు కాటు పడిన ఆమె సంగతి చూడండి. టీకా వేయించారో లేదో మీరు రాయలేదు. పసుపు, సున్నం రేబిస్‌ను ఆపవు, పైగా గాయాన్ని రేపుతాయి. కరిచిన వెంటనే ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాల్సింది, ఇప్పుడైనా కడిగించి ఈరోజే ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోండి. చర్మంలోకి వేసే టీకా అయితే మొదటి సూది రోజును 0గా లెక్కపెట్టి 3, 7, 28 రోజుల్లో మళ్లీ వేస్తారు. పళ్లు దిగి రక్తం వచ్చి ఉంటే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రేబిస్‌ను అడ్డుకునే సూది) కూడా వేయాలి, అడిగి వేయించండి. రెండు మూడు రోజులైపోయింది కదా ఇంకేం లాభం అనుకోవద్దు, ఆలస్యమైనా వేయించాల్సిందే. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

కుక్కను కరిచిన రోజు నుంచి 10 రోజులు కళ్ల ముందే ఉంచుకోండి. తిండి మానేసినా, చొంగ కారుస్తున్నా, గొంతు మారినా, కాళ్లు ఈడుస్తున్నా ముట్టుకోకుండా పశువైద్య సహాయ నంబరు 1962కి ఫోన్ చేయండి. ఈ 10 రోజుల్లో దానికి టీకా వేయించకండి, గడువు దాటాక వేయించి ఆపైన ప్రతి ఏడాదీ తప్పకుండా వేయించండి. చిన్నప్పుడెప్పుడో ఒకసారి వేయించామన్నది లెక్కలోకి రాదు.

ఇక కుక్క. మీరు రాసింది చదివితే దానికి పొగరెక్కిందని నాకు అనిపించడం లేదు, భయపడుతోందని అనిపిస్తోంది. వదులుగా ఉన్న కుక్కకు కొత్త మనిషి నచ్చకపోతే పక్కకు తప్పుకుంటుంది, గొలుసుకు కట్టిన దానికి ఆ దారి లేదు కాబట్టి మొరిగి మీదికి దూకుతుంది, మనిషి వెనక్కి తగ్గుతాడు, దూకితే పని జరుగుతుందని దానికి అర్థమైపోతుంది. మీ తోటకి కూలీలు వస్తారు, కాయల లారీ వస్తుంది, బాట మీద బండ్లు పోతూనే ఉంటాయి. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా అది ఆ పనే సాధన చేస్తోంది. ఆరు నెలల కిందట మారిందంటున్నారు, ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య కుక్కకు పెద్ద కుక్క స్వభావం స్థిరపడుతుంది, అప్పటిదాకా లోపల ఉన్న భయం ఆ వయసులోనే పళ్లు చూపిస్తుంది. దానికి తోడు మూడు వారాల నుంచి మూడు నెలల వయసులో కుక్కపిల్ల ఎవరెవరిని చూసి అలవాటు పడుతుందో వాళ్లనే తర్వాత మామూలుగా తీసుకుంటుంది. తోటలో మీ ఇంటివాళ్లను తప్ప ఎవరినీ చూడకుండా పెరిగి ఉంటే ఇప్పుడు ప్రతి కూలీ దానికి దొంగే.

కర్ర మాత్రం ఈరోజుతో మానేయండి. కుక్క దెబ్బను ఆ క్షణంలో ఎదురుగా ఉన్నదానితో ముడిపెట్టుకుంటుంది. కూలీ వచ్చింది, నడుం మీద దెబ్బ పడింది, అంటే కూలీ వస్తే నొప్పి అని దాని లెక్క. ఇంకో ప్రమాదం కూడా ఉంది. గుర్రుమన్నప్పుడల్లా కొడితే గుర్రుమనడం మానేస్తుంది, భయం మాత్రం అలాగే ఉంటుంది, రేపు చప్పుడు లేకుండా కరుస్తుంది. నన్నడిగితే గుర్రుమనే కుక్కే నయం, చెప్పి కరుస్తుంది కాబట్టి.

ఆ గుర్రుకు ముందే అది చాలా చెబుతుంది, ఇంట్లో అందరూ చూడటం నేర్చుకోవాలి. నాలుక బయట వేసుకుని రొప్పుతున్న నోరు టక్కున మూసుకుంటుంది, ఒళ్లు బిగుసుకుంటుంది, తల తిప్పకుండా కంటి కొసతో చూస్తుంది, అప్పుడు కంట్లో తెల్లగుడ్డు ఒక పక్కన కనిపిస్తుంది. తిండి లేకపోయినా మూతి నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. తోక ఊపుతోంది కదా అని దగ్గరికి పోయి కాటు తిన్నవాళ్లు బోలెడుమంది, తోక పైకి నిలబెట్టి బిగువుగా కొంచెం కొంచెంగా ఊపితే అది ప్రేమ కాదు.

ముందు కట్టేసే చోటు మార్చండి. గేటు, బాట కనిపించని చోట, కొట్టం వెనక నీడలో రెండు రాతి కూసాల మధ్య మనిషి ఎత్తున గట్టి తీగ లాగి, దాని మీద జారే రింగుకు గొలుసు తగిలిస్తే అటూ ఇటూ తిరుగుతుంది. కూసాలకు చుట్టుకోకుండా రెండు కొసల దగ్గరా తీగకు ముడి వేసి రింగును ఆపండి. నీళ్ల తొట్టి అందే దూరంలో ఉండాలి, కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, మన ఎండల్లో రొప్పుతూ బతకాల్సిందే. పొద్దున, సాయంత్రం చేత్తో పట్టుకుని అరగంట తిప్పండి. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఎప్పుడూ కట్టేసి ఉంచి తిప్పకపోవడం నేరమే, ఆకలికి వదిలేసి రావడమూ నేరమే. అయినా కరిచే కుక్కను ఇంకో ఊరి దగ్గర వదిలితే మీ సమస్యను వాళ్ల పిల్లల మీదికి పంపినట్టు.

మనుషుల భయం పోగొట్టే పని నెమ్మదిగా సాగుతుంది. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా, కాటు పడిన ఆమె మాత్రం వద్దు, దూరంగా నిలబడాలి. ఎంత దూరమంటే కుక్క చూడాలి కానీ మొరగకూడదు. మనిషి కనిపించగానే మీరు ఉడికించిన గుడ్డు ముక్కలు వేస్తూ ఉండండి, మనిషి చాటుకు పోగానే ఆపేయండి. మొరిగిందంటే దగ్గరైపోయారని అర్థం, తిట్టకుండా వెనక్కి జరపండి. రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు చాలు, కానీ వారాల తరబడి చేయాలి. ఈలోపు కూలీలు వచ్చే వేళ దాన్ని గదిలో ఉంచండి, లేదా నోరు తెరిచి రొప్పడానికి, నీళ్లు తాగడానికి వీలున్న బుట్టలాంటి మూతి జాలీ తగిలించండి. మూతికి గుడ్డ, తాడు కట్టొద్దు, ఎండకు చచ్చిపోతుంది.

గిన్నె దగ్గరికి పాప అసలు పోకూడదు, ఇందులో శిక్షణ ఏమీ లేదు, మధ్యలో తలుపు ఉండాలి, అంతే. అది తింటుండగా గిన్నెలో చెయ్యి పెట్టి అలవాటు చేయమని కొందరు చెబుతారు, వినకండి. పెద్దవాళ్లు అది గుర్రుమనని దూరం నుంచే గిన్నె వైపు ఒక కోడి ముక్క విసిరి ఆగకుండా నడిచిపోతే చాలు, మనిషి వస్తే తిండి పోదు, ఇంకా వస్తుందని తెలుస్తుంది. ఉత్త సంగటి, మజ్జిగతో సరిపెట్టకుండా గుడ్డో మాంసమో కలపండి. బూజు పట్టిన శెనక్కాయలు, శెనగ చెక్క వేయొద్దు, అందులోని అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కాలేయాన్ని తినేస్తుంది. పొటేలు కోసినప్పుడు నీటి బుడగలున్న కాలేయం, ఊపిరితిత్తులు, తలకాయలోని మెదడు పచ్చిగా వేస్తే బద్దె పురుగులు పట్టి, కుక్క మలం ద్వారా గొర్రెలకీ, మనుషులకీ చేరతాయి.

ఒక్క సూదితో కోపం పోయే మందు లేదు. మత్తు మందు ఒంటిని పడుకోబెడుతుంది, భయాన్ని కాదు. కొన్ని కుక్కలకు డాక్టర్లు నెలల తరబడి మాత్రలు ఇస్తారు కానీ అవీ పైన చెప్పిన సాధనకు తోడుగానే. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ వల్ల ఊరి మీద తిరగడం, ఆడకుక్కల కోసం కొట్లాడటం తగ్గుతాయి, మనుషుల మీద భయం తగ్గదు, ఆ ఆశతో చేయించకండి. 10 రోజులు దాటాక మూతి జాలీ వేసి ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలకు తీసుకుపోయి చెవులు, పళ్లు, మెడ పట్టీ కింద చర్మం చూపించండి. నొప్పి ఉన్న కుక్క ఎవరు ముట్టుకున్నా కరవొచ్చు, అది తేలకుండా ఎంత నేర్పినా లాభం లేదు.