పాప ఎన్ఐసీయూలో ఉంది, మావయ్య గారి కొబ్బరితోట అమ్మేయమంటారా?

ప్రశ్న: సార్, మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్‌లో చేస్తాను, చేతికి 32 వేలు వస్తాయి. మా ఆవిడకి 26 వారాలకే నొప్పులొచ్చేసి పాప పుట్టేసింది, 820 గ్రాములు. కాకినాడలో ప్రైవేటు హాస్పిటల్లో ఎన్ఐసీయూలో, అంటే పసిబిడ్డల ఐసీయూలో పెట్టారు, ఇవాళ్టికి 19 రోజులు. ఇప్పటిదాకా 5 లక్షల 60 వేలు అయ్యింది, ఇంకో రెండు నెలలైనా ఉండాలంటున్నారు. ఎఫ్‌డీ 1 లక్షా 80 వేలు తీసేశాను, తెలిసినాయన దగ్గర 2 రూపాయల వడ్డీకి 2 లక్షలు తెచ్చాను, మిగతావి చేబదుళ్ళు. మావయ్య గారు 30 సెంట్ల కొబ్బరితోట అమ్మేద్దాం అంటున్నారు, మా ఆవిడ తన 14 కాసుల బంగారం అమ్మేయమని ఒకటే ఏడుపు. 2 లక్షల చీటీ ఉంది, 20 నెలలది, 12 కట్టాను, పాడేద్దామా అని చూస్తున్నా. కంపెనీ ఇన్సూరెన్స్ 3 లక్షలు ఉంది గాని పాపకి 90 రోజులు దాటాకే అన్నారు. ఏది ముందో ఏది వెనకో తెలీట్లేదు. ఇంత పెట్టాక దక్కుద్దో లేదో అని భయంగా కూడా ఉంది.

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానండి. తోట సంగతి చెప్తాను గాని ముందు ఒక పని ఉంది, అది రేపటిలోపు అవ్వాలి. ఇవాళ 19వ రోజు అన్నారు. పుట్టిన 21 రోజుల్లోపు జనన నమోదు అవ్వాలి, హాస్పిటల్లో పుట్టిన పిల్లల వివరాలు హాస్పిటల్ వాళ్ళే పంపాలి, పంపారో లేదో కౌంటర్‌లో అడిగి కనుక్కోండి. పాప పేరు ఇంకా పెట్టలేదేమో, పర్లేదు, పేరు లేకుండానే నమోదు చేస్తారు, తర్వాత చేర్చుకోవచ్చు. ఇన్సూరెన్స్‌కైనా ఆధార్‌కైనా రేపు దేనికైనా మొదట అడిగేది ఆ కాగితమే.

ఇప్పుడు తోట. అమ్మొద్దు. ఇప్పుడైతే అస్సలు అమ్మొద్దు, ఎందుకో చెప్తాను.

5 లక్షల 60 వేలని 19తో భాగిస్తే రోజుకి దాదాపు 29 వేల 500 పడుతుంది. దాన్ని 60 రోజులకి వేసుకుంటే 17 లక్షల 70 వేలు. మీ మావయ్య గారు కూడా బహుశా ఈ లెక్కే వేసుకుని తోట దాకా వెళ్ళారు. కానీ 26 వారాల బిడ్డకి బిల్లు రోజూ ఒకేలా ఉండదండి. మొదటి రెండు మూడు వారాలే ఖర్చు బాగా ఎక్కువ, ఊపిరితిత్తులు విచ్చుకోడానికి పోసే సర్ఫాక్టెంట్ మందు, వెంటిలేటరు, నరంలో సన్నటి లైను, పాలు పడేదాకా నరంలోంచే ఎక్కించే తిండి, పొద్దున్నా సాయంత్రం టెస్టులు, అన్నీ అప్పుడే. తర్వాత వెంటిలేటర్ తీసి సీప్యాప్ పెడతారు, ముక్కులోంచి ఒత్తిడితో గాలి పంపే మెషీను, అదీ తీసి ఉత్తి ఆక్సిజన్, ఆ తర్వాత ట్యూబులో పాలు పోస్తూ బరువు పెరగడం కోసం చూడటం. ఒక్కో మెట్టు దిగేకొద్దీ రోజు ఖర్చు దిగుద్ది. అయితే మధ్యలో ఇన్‌ఫెక్షన్ వస్తే రెండు మెట్లు మళ్ళీ వెనక్కి పోవచ్చు కూడా, అది మనసులో పెట్టుకోవాలి. అందుకని రేపు డాక్టరు గారిని కలిసినప్పుడు మొత్తం ఎంతవుద్ది అని అడక్కండి, వెంటిలేటర్ మీద రోజుకెంత, సీప్యాప్ మీద ఎంత, ఆక్సిజన్ మీద ఎంత, ఉత్తి పాలు పోసే రోజుల్లో ఎంత, ఈ నాలుగూ కాగితం మీద రాసిమ్మనండి. ఆ కాగితం చేతికొచ్చాక మీ భయం సగానికి దిగుద్ది, నాకైతే ఆ నమ్మకం ఉంది.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మా ఇంట్లో జరిగింది. మా చెల్లెలి బాబు 29 వారాలకి పుట్టాడు. మొదటి రాత్రే హాస్పిటల్ వాళ్ళు డిపాజిట్ అనేసరికి నేనూ మా బావా కలిసి 3 రూపాయల వడ్డీకి 4 లక్షలు తెచ్చి మొత్తం ఒకేసారి కట్టేశాం, లెక్కలు చూసే పని చేసేవాణ్ణి అయ్యుండి ఆ రాత్రి నాకు బుర్ర పనిచెయ్యలేదు. అందులో సగం నెలన్నర దాకా వాడకమే లేదు, నెలకి 12 వేలు వడ్డీ మాత్రం పోతానే ఉంది. ఆ అప్పు తీరడానికి రెండేళ్ళు పట్టింది. కాబట్టి డబ్బు వారం వారం తెచ్చుకోండి, వారానికి సరిపడా చేతిలో ఉంటే చాలు, అంతకు మించి డిపాజిట్ అడిగితే వారానికోసారి కడతానని మర్యాదగా చెప్పండి.

సరే, ఏది ముందు. వడ్డీ లేని డబ్బు ముందు, తక్కువ వడ్డీది తర్వాత, భూమి అన్నిటికన్నా చివర.

ఇన్సూరెన్స్ సంగతి చూద్దాం. 90 రోజులు అనే మాట మీకు చెప్పింది ఎవరు, హెచ్ఆర్ లో అబ్బాయి ఫోన్లో చెప్పాడా? 90 రోజుల రూలు మామూలుగా మనం సొంతంగా కొనుక్కునే పాలసీల్లో ఉంటుంది, కంపెనీ గ్రూప్ పాలసీలు చాలావాటిలో పుట్టిన రోజు నుంచే బిడ్డకి కవర్ ఉంటుంది, కాకపోతే పాప పుట్టిందని టైములోపు చెప్పి పేరు చేర్పించాలి, ఆ గడువు దాటితే ఇబ్బంది. అందుకే ఇవాళే మెయిల్ పెట్టండి, ఫోన్ వద్దు, పాలసీ కాపీ పంపమని, నవజాత శిశువు కవర్ ఏ రోజు నుంచో రాతపూర్వకంగా చెప్పమని. ఇంకో మాట కూడా అడగండి, పాప ఎన్ఐసీయూ బిల్లు కాన్పు లిమిట్‌లో కొడతారా, 3 లక్షల ఫ్యామిలీ కవర్‌లో కొడతారా అని. కాన్పు లిమిట్ 50 వేలే ఉంటే ఆ 50 వేలిచ్చి చేతులు దులుపుకునే వాళ్ళున్నారు, పాలసీలో ఏం రాసుందో చూసి మాట్లాడాలి. అన్యాయంగా కాదంటే ముందు ఇన్సూరెన్స్ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి, తర్వాత ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, మన రాష్ట్రానికి హైదరాబాద్ ఆఫీసు, ఫీజేం ఉండదు, లాయరు అక్కర్లేదు.

తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ, మనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే అంటాం. మీ జీతం ఏడాదికి 3 లక్షల 84 వేలు, ఈ స్కీముకి పెట్టిన 5 లక్షల ఆదాయం గీతకి లోపలే ఉన్నారు. ప్రైవేటు ఉద్యోగం కదా మనకి రాదులే అని చాలామంది అడగను కూడా అడగరు. నెలలు నిండని పిల్లల వైద్యానికి అందులో ప్యాకేజీలున్నాయి. మీరున్న హాస్పిటల్ నెట్‌వర్క్‌లో ఉందేమో చూసి అక్కడ డెస్క్‌లో కూర్చునే వైద్యమిత్రని కలవండి, తల్లి పేరున్న కార్డు పట్టుకెళ్ళండి, పాపని ఎలా నమోదు చేస్తారో ఆయనే చెప్తాడు. 104కి ఫోన్ చేసినా చెప్తారు. కట్టేసిన డబ్బు మీద ఆశ పెట్టుకోకండి, ఇక్కణ్ణుంచి ముందుకి ఎంత తగ్గుద్దో చూద్దాం.

ఇంకోటి కాస్త జాగ్రత్తగా వినండి. పాప వెంటిలేటర్ దిగి నిలకడగా ఉన్నాక ప్రభుత్వ హాస్పిటల్లోని ఎస్ఎన్‌సీయూకి, అంటే జబ్బుపడ్డ పసిబిడ్డల వార్డుకి మార్చే వీలుందా అని డాక్టర్లని అడగొచ్చు, కాకినాడ ప్రభుత్వ జనరల్ హాస్పిటల్లో ఉంది. జననీ శిశు సురక్షా కార్యక్రమం అని 2011లో కేంద్రం పెట్టింది, దాని ప్రకారం జబ్బుపడ్డ పసిబిడ్డలకి ఏడాది నిండేదాకా ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం, మందులు, టెస్టులు, రవాణా అన్నీ ఉచితం. మార్చొచ్చా లేదా, ఎప్పుడు అనేది పూర్తిగా డాక్టర్ల మాటే, డబ్బు చూసి నేను చెప్పే విషయం కాదది. కానీ డబ్బుల్లేక లామా అని, అంటే డాక్టర్లు వద్దన్నా మా ఇష్టంతోనే తీసుకెళ్తున్నాం అని సంతకం పెట్టేసి బిడ్డని చేతుల్లో పెట్టుకుని తీసుకెళ్ళిపోయిన వాళ్ళని చూశాను, ఆ పని మాత్రం చెయ్యొద్దు, అవతల బెడ్ ఖాయమయ్యి, అంబులెన్స్‌లో నర్సూ ఆక్సిజనూ ఉన్నాకే ఇవతల కదలాలి.

ముఖ్యమంత్రి సహాయ నిధికి మీ ఎమ్మెల్యే గారి ఆఫీసులో అప్లికేషన్ ఇవ్వండి, బిల్లులు, డిశ్చార్జ్ కాగితాలు అడుగుతారు, ముందుగానే కావాలంటే హాస్పిటల్ ఎస్టిమేట్ పెట్టి ఎల్ఓసీ, అంటే ఇంతవరకు మేం కడతాం అని హాస్పిటల్‌కి ఇచ్చే లెటరు అడగొచ్చు. ఇన్సూరెన్స్‌కి ఒరిజినల్ బిల్లులు ఇచ్చేముందు రెండు సెట్లు జిరాక్స్ తీసి పెట్టుకోండి.

పీఎఫ్ ఉంటుంది కదా మీకు, కుటుంబంలో వైద్యానికి అడ్వాన్స్ ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు, తిరిగి కట్టక్కర్లేదు. మామూలుగా పీఎఫ్ ముట్టుకోవద్దనే చెప్తాను నేను, ఇలాంటి రోజుకి కాకపోతే ఇంకెప్పటికి.

బంగారం అమ్మొద్దు, తాకట్టు పెట్టండి, అదీ బ్యాంకులో. 14 కాసులంటే 112 గ్రాములు, మొత్తం ఒకే ప్యాకెట్‌గా పెట్టకండి, 7 కాసులు ఇప్పుడు ఒక లోను, మిగతా 7 ఇంట్లోనే ఉంచండి, కావలసొస్తే వేరే లోనుగా పెడదాం, విడిపించుకునేటప్పుడు ఒక్కోటిగా విడిపించుకోవచ్చు. వచ్చిన డబ్బుతో ముందు ఆ 2 రూపాయల వడ్డీ 2 లక్షలు తీర్చేయండి, దానికి నెలకి 4 వేలు కడుతున్నారు, బ్యాంకులో 9, 10 శాతం వేసుకున్నా 1,700 దాటదు. మీ ఆవిడకి అమ్మేస్తున్నాం అని కాక బ్యాంకులో దాచాం అని చెప్పండి, నిజం కూడా అదే. ఏడాది తిరిగేలోపు రెన్యువల్ మర్చిపోకండి, వేలం నోటీసు దాకా రానివ్వద్దు.

చీటీ ఇప్పుడు పాడొద్దు. మీ పాటలు 30 వేల దగ్గర నడుస్తున్నాయనుకుందాం, చేతికి 1 లక్షా 70 వేలు. ఆఖరిదాకా ఆగితే కమిషన్ 10 వేలు పోను 1 లక్షా 90 వేలు. అంటే తొందరకి 20 వేలు ఇస్తున్నట్టు, అదే 1 లక్షా 70 వేలు బంగారం మీద 8 నెలలకి తెచ్చుకుంటే వడ్డీ 11 వేల చిల్లరే. రెండు మూడు నెలలాగితే పాటకి జనం పల్చబడతారు, పాప ఇంటికొచ్చే టైముకి ఆ డబ్బు పనికొస్తుంది.

ఇవన్నీ అయ్యాక, రెండో 7 కాసులు కూడా అయిపోయాక, పాపకి ఇంకా సాయం కావాలంటే అప్పుడు తోట గురించి మాట్లాడదాం. రెండు నెలలకోసారి కాయ దింపు వచ్చే తోట అది, మావయ్య గారికి ముసలితనంలో చేతిఖర్చు అదే అయ్యుంటుంది. పైగా హాస్పిటల్ కోసం అమ్ముతున్నారని తెలిస్తే బేరగాళ్ళు సెంటు రేటు ఎంతకి దించుతారో మీకు నేను చెప్పక్కర్లేదు. కావాలంటే కౌలుకిచ్చి రెండేళ్ళ డబ్బు ముందు తీసుకోవచ్చు, చెట్లు చెట్లలాగే ఉంటాయి.

ఒక ఖర్చు మాత్రం తగ్గించొద్దు. మీ ఆవిడ ముమ్మిడివరం నుంచి ఎదుర్లంక వంతెన మీదుగా రోజూ తిరుగుతుంటే అది ఆపి, హాస్పిటల్‌కి నడిచెళ్ళే దూరంలో చిన్న గది తీసుకోండి, ఆరు వేలైనా ఏడు వేలైనా సరే. అమ్మపాలు పడే పిల్లల్లో పేగులు దెబ్బతినే ఒక పెద్ద జబ్బు తక్కువ వస్తుంది, అది వస్తే ఆపరేషన్ దాకా పోవచ్చు, ఇంకో నెల బిల్లు. మూడు గంటలకోసారి పాలు పిండి ఇవ్వాలంటే మనిషి పక్కనే ఉండాలి. మా చెల్లి గ్లాసు ఇవతల నిలబడేది, అవతల నర్సమ్మ సిరంజి పైకెత్తి పట్టుకునేది, 1 ఎంఎల్ పాలు, ట్యూబులోంచి చుక్క చుక్క దిగుతుంటే ఊపిరి బిగబట్టి చూసేది, అయిపోయాక నా వైపు తిరిగి అరిగిందన్నయ్యా అనేది, ఇంకా కడుపులోకి దిగి నిమిషం కాలేదు. అన్నట్టు హాస్పిటల్లోనే తల్లికి రూమ్ తీసుకుంటే రోజుకి 5 వేలు దాటిన రూముకి జీఎస్టీ పడుద్ది, ఎన్ఐసీయూ బెడ్‌కి పడదు, బిల్లులో చూసుకోండి. మందుల చీటీలు కూడా, పెట్టెల కొద్దీ కొన్నవాటిలో సీలు విప్పనివి రిటర్న్ ఇస్తే డబ్బు వెనక్కిస్తారు, వారానికోసారి నర్సుని అడిగి లెక్క చూడండి.

సెలవులన్నీ ఇప్పుడే వాడేయకండి. పాప ఇంటికొచ్చిన మొదటి రెండు వారాలు మీ అవసరం ఇంతకన్నా ఎక్కువ ఉంటుంది. డాక్టర్లు కంగారూ కేర్ మొదలెట్టాక, అంటే పాపని ఒంటికి ఆనించి ఛాతీ మీద పెట్టుకోవడం, మీరు కూడా పెట్టుకోవచ్చు, తల్లే అవ్వాలని లేదు, సాయంత్రం డ్యూటీ అయ్యాక గంట కూర్చోండి.

ఇంటికొచ్చాక కూడా ఖర్చుంటుంది, లక్షన్నర విడిగా పెట్టుకోండి, చీటీ డబ్బు దీనికే. కళ్ళ పరీక్ష, ఆర్ఓపీ అంటారు, ఇంత చిన్న పిల్లలకి పుట్టిన రెండు మూడు వారాల్లోనే మొదలవ్వాలి, అంటే మీకు ఇప్పుడే, చేశారా అని రేపే అడగండి, ఆలస్యమైతే చూపు పోయే ప్రమాదం. చెవి టెస్టు, ఎదుగుదల చూపించుకోవడం, ఇవి ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద, పిల్లల లోపాల్ని తొందరగా కనిపెట్టే జిల్లా డీఈఐసీ కేంద్రాల్లో ఉచితంగా చేస్తారు.

ఇక మీరు చివర్లో రాసిన మాట. దాన్ని డబ్బు లెక్కలో కలపొద్దండి, దక్కుద్దా లేదా అనేది రోజూ డాక్టరు గారినే అడగండి, సూటిగా అడగండి, చెప్తారు. ఏ రోజైనా వాళ్ళు ఇంక లాభం లేదని చెప్తే ఆ మాట విని ఆగడం తప్పు కాదు. వాళ్ళు ప్రయత్నిద్దాం అంటున్నన్నాళ్ళూ డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలో మనం చూద్దాం, అందుకే ఇంత పొడుగ్గా రాశాను.

ఆ నాలుగు రేట్ల కాగితం, పాలసీ కాపీ, ఈ వారం బిల్లు షీటు ఫోటోలు తీసి పంపండి, కూర్చుని చూసి చెప్తాను. పాప కిలో దాటిన రోజు కూడా ఒక మెసేజ్ పెట్టండి.